ఎర్రదా, తెల్లదా? ఎన్ని గ్లాసులు?

చచ్చిపోయి శవపేటికలో పడుకున్న మనిషిని హుల్డత్త లేపి కూర్చోబెట్టింది. ఆస్ట్రేలియాలో, జర్మన్లు వచ్చి స్థిరపడిన బరోసా లోయలో ఏ ద్రాక్షతోటలోకైనా వెళ్లి అడగండి, ఒట్టేసి చెబుతారు.

సరే, కొంచెం తగ్గిద్దాం. కూర్చున్న మాట నిజం. శవపేటిక మాటా నిజం. చచ్చిన మాట ఒక్కటే కాస్త అటూ ఇటూ. ఆ మనిషి వడ్రంగి ఎమిల్ క్రూషెల్. పెళ్లికి ముందు రోజు సాయంత్రం పెళ్లికూతురి కిటికీ కింద చేరి రేకు డబ్బాలు వాయించడం ఆ లోయలో ఆచారం. వాయించినవాళ్లకు వైను పోయడం అంతకంటే పెద్ద ఆచారం. ఎమిల్ ఆ వేళ చాలా బాగా వాయించాడు. ఇంటిదాకా నడిచే ఓపిక లేక, తన కొట్టులో అప్పుడే నున్నగా చిత్రిక పట్టిన పేటిక కనబడితే అందులో పడుకుని, చలేస్తోందని మూత కూడా లాక్కున్నాడు. పొద్దున్నే పేటిక తీసుకుపోవడానికి వచ్చినవాళ్లు మూత ఎత్తి చూశారు. లోపల అప్పటికే ఒకరున్నారు. ఎవరో తమకంటే ముందు కొనుక్కున్నారనుకుని, టోపీలు తీసి, మర్యాదగా మూత పెట్టేసి వెళ్లిపోయారు.

తరువాత వచ్చింది హుల్డత్త. మూత మీద వేళ్లతో రెండు దెబ్బలు కొట్టింది.

"ఎర్రదా, తెల్లదా?"

"ఎర్రది," అంది పేటిక.

"ఎన్ని గ్లాసులు?"

"లెక్క తప్పింది అత్తా."

ఒక బకెట్టు చన్నీళ్లు ఎమిల్ నెత్తిన పడ్డాయి. రెండో బకెట్టు చేతికొచ్చింది. "లే. మా కోళ్లగూడు కడుగు," అంది హుల్డత్త. మధ్యాహ్నానికల్లా ఎమిల్ మామూలు మనిషి, కోళ్లగూడు అద్దం.

హుల్డా నోస్కె గారి ప్రత్యేకత ఇదే. ఈ లోయలో ఎవరికి ఏ నలత చేసినా కారణం ఒక్కటే, రాత్రి తాగిన వైను. పన్ను సలిపినా వైనే. మెడ పట్టేసినా వైనే. గుర్రం తన్నినా వైనే, ఎందుకంటే తాగకుండా ఉన్నవాడు గుర్రం వెనకాల నిలబడడు కదా. మొదటి ప్రశ్న ఎర్రదా, తెల్లదా. రెండో ప్రశ్న ఎన్ని గ్లాసులు. మూడో ప్రశ్న ఉండదు, వైద్యం మొదలవుతుంది.

ఆవిడ పొట్టి మనిషి. డెబ్భై ఏళ్లు, నీలం గళ్ల ఆప్రాను, లోయ మొత్తంలో దేనికీ మోసపోని ముక్కు. ఆవిడ ఇల్లు లిండెన్‌బాఖ్ ఊరి నాలుగు దారులూ కలిసేచోట ఉంది. చర్చికి వెళ్లినా, పోస్టాఫీసుకి వెళ్లినా, తోటకు వెళ్లినా ఆవిడ గేటు ముందునుంచే వెళ్లాలి. గేటు పక్క బల్ల మీద చిక్కుళ్లు ఒలుచుకుంటూ కూర్చుని, వచ్చేపోయే మొహాలను డాక్టరు ఎక్స్‌రేలు చూసినట్టు చూసేది. వెనక వంటింట్లో వరసగా జాడీలు. వాటిల్లో సోయికూర, ఉప్పు, ద్రాక్షాకులు వేసి ఊరబెట్టిన చిన్న దోసకాయలు. ఆ ఊటే ఆవిడ దివ్యౌషధం.

పెద్ద బాకా ఊదే ఆస్కర్ ప్‌ఫెన్నిగ్‌కు వేరే సిద్ధాంతం ఉండేది. "మళ్లీ ఒక్క గ్లాసు పోస్తే దిగిపోతుందత్తా. మా తాతనాటి వైద్యం."

"దిగదురా. రేపటికి వాయిదా పడుతుంది. మీ తాత అలా వాయిదా వేసుకుంటూనే అరవై ఏళ్లు గడిపాడు. ముందు నీళ్లు తాగు."

గటగటా తాగితే చేతిమీద దెబ్బ. పిచ్చుక తాగినట్టు తాగాలి. తరువాత చిన్న గ్లాసుడు ఊట. తరువాత ఎండురొట్టె ముక్క. కాఫీ అడిగితే గరిటె ఎత్తేది.

ఇంతా చేసి ఆవిడ గొంతు చిన్నదా? కాదు. ఎవరి తలపోటునైనా నాలుగు దారులకూ వినబడేలా చాటేది. ఒక సోమవారం పాస్టరు లోబె గారు తలొంచుకుని గేటు ముందునుంచి పోతున్నారు. అంతకుముందు రోజే మద్యం వద్దని ముప్పావుగంట ప్రసంగించారు.

"ఎన్ని గ్లాసులు పాస్టరు గారూ?"

"హుల్డా! నేను... నిన్న నా ప్రసంగం విన్నావు కదా!"

"విన్నాను. అంతసేపు మాట్లాడితే ఎవరికైనా దాహం వేస్తుంది. లోపలికి రండి. తెల్లది, మూడు గ్లాసులు!"

పాస్టరు గారు ఆ రోజు సాయంత్రం దాకా బయటికి రాలేదు. పోస్ట్‌మాన్ ఆర్నో కూడా ఒకసారి అలాగే దొరికిపోయాడు. ఉత్తరాల సంచి ఆవిడ బల్లమీద పెట్టించి, మనిషిని లోపలికి లాక్కుపోయింది. లిండెన్‌బాఖ్ ఉత్తరాలు ఆ రోజు హుల్డత్తే పంచింది. ఇంటింటికీ ఉత్తరంతో పాటు "ఆర్నోకి అయిదు గ్లాసులు, ఎర్రది" అన్న వార్త కూడా అందింది, స్టాంపు లేకుండా.

ఇదంతా చూసి వణికేవాడు పక్కింటి బెన్నో షిల్కె. ఎందుకంటే బెన్నో తాగడు.

పోనీ ఇంకెక్కడైనా అయితే అది తప్పు కాదు. బరోసాలో మాత్రం తాగనివాణ్ణి జనం చేపకు ఈత రాదన్నట్టు చూస్తారు. పైగా బెన్నో పని ఏమిటి? పీపాలు చేయడం. పొద్దున లేస్తే ఓకు చెక్కలు నిప్పు సెగకు వంచి, ఇనప కట్లు బిగించి, లోయ వైనంతా ఒడిసిపట్టే పీపాలు చేసేవాడు. సాయంత్రం ఇంటికెళ్లి పాలు తాగేవాడు. ఒక్క చుక్క వైను నోట్లో పడితే మొహం టొమాటో అయ్యేది, రెండు రోజులు ఎక్కిళ్లు. ఊళ్లో అతని పేరు పాలసీసా.

ఈ పాలసీసా లిండెన్‌బాఖ్ బ్యాండు మాస్టరు కూడా. సంగీతం తెలిసినవాడు ఇంకొకడు లేక ఇచ్చారు గానీ, ఇరవైనాలుగుమంది వాయించేవాళ్లలో అతని మాట వినేవాడు ఒక్కడూ లేడు. ఏటా కోతల పండగలో జరిగే బ్యాండుల పోటీలో వాయించాల్సినది జోలపాట. "ఇది జోలపాటర్రా, మెల్లగా," అని బెన్నో బతిమాలేవాడు. "మా ఊపిరి మాది," అనేవాడు ఆస్కర్. వాళ్లు ఆ జోలపాట మొదలెడితే ఊయల్లో నిద్రపోతున్న పసివాళ్లు లేచి సైన్యంలో చేరేలా ఉండేది.

పోయిన ఏడాది కోతల పండగలో ఇంకా ఘోరం జరిగింది. పోటీ వేదిక మీద బెన్నో తాళం చూపే కర్ర పైకెత్తాడు. ఎదురుగా లోయ లోయంతా కూర్చుని ఉంది. ఎత్తిన కర్ర దిగలేదు. అర నిమిషం. నిమిషం. చెమట కాలర్లోకి దిగింది గానీ చెయ్యి దిగలేదు. ఆఖరికి మూడో వరసలో ఎవరో తుమ్మారు. డోలు వాయించే ఎమిల్ అదే సైగ అనుకుని ఒక్కటిచ్చాడు. ఆస్కర్ ఇంకోచోట అందుకున్నాడు. ఏడు బ్యాండుల్లో ఏడో స్థానం వచ్చింది. ఎనిమిదో బ్యాండు ఉంటే ఎనిమిదోది వచ్చేదని ఊళ్లో అనుకున్నారు.

"ఈ ఏడు కూడా చెయ్యి పైనే ఉండిపోతే కర్ర ఆస్కర్‌కి ఇచ్చేస్తాం," అన్నారు బ్యాండు పెద్దలు.

పెళ్లీ పెటాకులూ లేని బెన్నోకి ఆ కర్ర ఒక్కటే వైభవం. అది పోతే మిగిలేవి పీపాలూ, పాలూ.

పోటీ రోజు పొద్దున ఎనిమిదింటికి బెన్నో కనబడలేదు. పదకొండింటికి వేదిక ఎక్కాలి. మంచం కింద లేడు, చర్చిలో లేడు. కొట్టులో, మూత వేయని ఒక పెద్ద పీపాలో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చుని ఉన్నాడు. తను చేసిన పీపాల్లో అదే పెద్దది. లోపల చీకటిగా, ఓకు వాసనతో హాయిగా ఉంది. పోటీ అయ్యేదాకా ఇక్కడే ఉండి, తరువాత ఏ రైలో ఎక్కి పోదామని ఆలోచన.

పీపా మీద రెండు దెబ్బలు పడ్డాయి.

"ఎర్రదా, తెల్లదా?"

బెన్నో ఊపిరి బిగబట్టాడు.

"ఊపిరి బిగబడితే తలపోటు తగ్గదురా. ఎన్ని గ్లాసులు?"

"అత్తా, నేను తాగనని నీకు తెలుసు కదా!"

"తాగిన ప్రతివాడూ ముందు అనే మాట అదే. చేతులు చూపించు."

పీపా అంచు మీదుగా రెండు చేతులు పైకి వచ్చాయి. ఆరేసిన చొక్కా గాలికి ఊగినట్టు ఊగుతున్నాయి.

"ఎర్రది," అంది హుల్డత్త. "నాలుగు గ్లాసులు."

"ఇది తాగుడు కాదత్తా. ఇది..."

మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. లిండెన్‌బాఖ్‌లో మగవాడు కాలు విరిగిందని చెప్పొచ్చు, వడగళ్లకు పంట పోయిందని చెప్పొచ్చు, పెళ్లాం అప్పడాల కర్రతో కొట్టిందని కూడా చెప్పొచ్చు. భయమేస్తోందని చెప్పినవాడు ఇంతవరకూ లేడు.

"ఇది?" అంది హుల్డత్త.

"ఏమీ లేదు."

"అయితే నాలుగున్నర."

అడుగులు దూరమయ్యాయి, మళ్లీ దగ్గరయ్యాయి. పీపాలోకి ఒక పింగాణీ గిన్నె దిగింది. అందులో వేడి వేడి కోడి సూపు, గుడ్డు కలిపిన పిండితో చేత్తో కోసిన సేమ్యాతో, పైన జాజికాయ పొడి చల్లి. దాని వెనకే చిన్న గ్లాసుడు దోసకాయల ఊట, ఒక రొట్టె ముక్క. తరువాత నీలం గళ్ల ఆప్రాను వచ్చి పీపా నోటిమీద తెరలా పరుచుకుంది.

"వెలుతురు తలపోటుకి మంచిది కాదు. మాట్లాడటం అసలు మంచిది కాదు. తిను."

ఆవిడ పీపాకి వీపు ఆనించి కూర్చుంది. చిక్కుళ్లు ఒలుస్తున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఏమైందని అడగలేదు. ధైర్యంగా ఉండమనలేదు. అరగంట గడిచింది. సూపు సగమయ్యేసరికి చెంచా గిన్నెకు తగిలి టకటకమనడం మానేసింది. అయిపోయేసరికి బెన్నోకి, తను చాలాసేపటినించి వేదిక గురించి ఆలోచించడం లేదని తెలిసింది.

అప్పుడే ఆస్కరూ ఎమిలూ యూనిఫాంలో చెమటలు కక్కుతూ కొట్టులోకి వచ్చిపడ్డారు.

"అత్తా, మా పాలసీసా కనబడ్డాడా? తొమ్మిదిన్నర అవుతోంది!"

"అరవకు. పీపాలో ఉన్నాడు."

"పీపాలోనా! ఏం చేస్తున్నాడు?"

"ఏం చేస్తాడు? రాత్రి నాలుగున్నర గ్లాసులు ఎర్రది పట్టించాడు. తల పగిలిపోతోంది."

లోపల బెన్నో కళ్లు మూసుకున్నాడు.

"బెన్నోనా?" అన్నాడు ఆస్కర్. "మా బెన్నో? తాగాడా?"

"నా ముక్కు అబద్ధమాడుతుందా?"

ఎమిల్ టోపీ తీశాడు. కళ్లు తుడుచుకున్నాడు. "పదకొండేళ్లయిందత్తా మాకు మాస్టరై. ఏనాటికైనా మనలో కలుస్తాడని నేను అంటూనే ఉన్నాను."

ఆస్కర్ పీపా దగ్గరకు మునివేళ్ల మీద నడిచి, ఆప్రాను కొస కొంచెం ఎత్తి, జ్వరం వచ్చిన బిడ్డను పలకరించినట్టు పలకరించాడు. "మాస్టరు గారూ... మరీ పోటుగా ఉందా?"

పదకొండేళ్లలో ఆస్కర్ అతన్ని గారూ అనడం అదే మొదటిసారి. బెన్నో నోరు తెరిచాడు. లేదని చెప్పడానికే తెరిచాడు. పీపా బయట హుల్డత్త దగ్గింది.

"కొంచెం," అన్నాడు బెన్నో.

పదకొండింటికి వేదిక ఎక్కేసరికి వార్త ఇరవైనాలుగుమందికీ చేరిపోయింది. ఆస్కర్ వరసల మధ్య తిరిగి చెవుల్లో ఊదాడు. "జాగ్రత్తరోయ్. మాస్టరుకి నాలుగున్నర గ్లాసుల తలపోటు. ఎవడైనా గట్టిగా ఊదాడా, సాయంత్రం నా చేతిలో అయిపోతాడు." ఎమిల్ బూటు విప్పి, మేజోడు తీసి డోలు కర్రకు తొడిగాడు.

బెన్నో కర్ర ఎత్తాడు. ఎదురుగా లోయ లోయంతా ఉంది. అయితే ఈసారి అతని కళ్లు అంతదూరం పోలేదు. ఇరవైనాలుగు మొహాలు అతన్నే చూస్తున్నాయి, ఎక్కడ నొప్పి పుడుతుందోనని. ఆ జాలికి తట్టుకోలేక చెయ్యి దానంతటదే దిగింది.

జోలపాట మొదలైంది. మొదలైందని ముందు వరసవాళ్లకు తప్ప తెలియలేదు, అంత మెల్లగా. ఆస్కర్ పెద్ద బాకాలోకి పాలమీద మీగడ ఊదినట్టు ఊదాడు. డోలు మేజోడుతో గుండెలా కొట్టుకుంది. అడిలైడ్ నుంచి వచ్చిన న్యాయనిర్ణేత పెన్సిలు కింద పెట్టాడు. మూడో వరసలో ముగ్గురు పిల్లలు నిజంగా నిద్రపోయారు. వాళ్లతో పాటు బ్యాండు పెద్ద కూడా ఒకాయన.

రెండో బహుమతి వచ్చింది. మొదటిది ఎప్పటిలాగే పక్క ఊరికి. లిండెన్‌బాఖ్ చరిత్రలో రెండో బహుమతి రావడం అదే మొదలు.

మధ్యాహ్నం ఊరి హాల్లో పొడుగు బల్లలు వేశారు. సాసేజీలు, ఊరగాయలు, పిండి కేకులు. బెన్నో ముందు ఎవరో పాలగ్లాసు పెట్టారు. "ఇవాళ్టికి పాలే మంచిది, మళ్లీ ఎర్రది రేపు చూద్దాం," అని వీపు తట్టారు.

"ఇంతకీ హుల్డత్త నీకేం పోసింది?" అన్నాడు ఎమిల్. "బకెట్టు ఒకటా, రెండా?"

"బకెట్టేమిటి? సూపు ఇచ్చింది," అన్నాడు బెన్నో.

ఎమిల్ చేతిలో ఫోర్కు ఆగింది. "సూపా? నన్ను ముప్పై సార్లు పట్టుకుంది ఆవిడ. నీళ్లు, ఊట, కోళ్లగూడు! ఒక్కనాడు సూపు మొహం చూపించలేదు!"

"నాకూ కోళ్లగూడే," అన్నాడొకడు.

"నాకు పందుల దొడ్డి," అన్నాడింకొకడు.

"మరి సూపు ఎవరికిస్తుంది?"

బల్ల చివర పాస్టరు లోబె గారు గ్లాసులోకి చూస్తూ గొంతు సవరించుకున్నారు. "నాకు... ఇచ్చింది. జాజికాయ వేసి." ఆ సోమవారం పాస్టరు గారికి, ఆయన్ని వేరే ఊరికి మార్చేయమని అయిదు కుటుంబాలు సంతకాలు పెట్టిన ఉత్తరం అందిందని అందరికీ తెలుసు. ఆ అయిదు కుటుంబాలూ అదే బల్ల దగ్గర ఉన్నాయి. అందరూ ఒక్కసారి ఊరగాయల వైపు చూశారు.

"నాకూ ఇచ్చింది," అన్నాడు పోస్ట్‌మాన్ ఆర్నో. పద్నాలుగేళ్లు అతని సైకిలు వెనకాల పరిగెత్తిన కుక్క ఆ వారమే పోయింది.

ఎమిల్ ఒకరి తరువాత ఒకరిని చూశాడు. మెల్లగా అతని మొహం మారింది. "అంటే మీరు ఆ రోజు... తాగలేదా?"

పలకాల్సింది బెన్నోనే. ఇప్పుడు చెప్పేయాలి. చెబితే మళ్లీ పాలసీసా. అతను నోరు తెరిచేలోగా ఆస్కర్ గ్లాసు బల్లమీద పెట్టాడు, మేజోడు తొడిగిన ఎమిల్ డోలు కర్రంత మెత్తగా.

"నాకు కూడా," అన్నాడు. "ఒకసారి. రెండు గిన్నెలు."

లోయ మొత్తంలో ఎక్కువ తాగగల మనిషి ఆస్కర్. ఆ ఒక్కసారి ఎప్పుడో, ఎందుకో, ఎవరూ అడగలేదు. అతను బెన్నో వైపు చూశాడు, బెన్నో చేతుల వైపు చూశాడు, తరువాత పాలగ్లాసు పైకెత్తి బెన్నో చేతిలో పెట్టాడు.

"మా మాస్టరు నాలుగున్నర తాగాడు," అన్నాడు హాలంతా వినబడేలా. "హుల్డత్త ముక్కు అబద్ధమాడదు. కాదన్నవాడితో నేను మాట్లాడతాను. వచ్చే ఏడు కూడా పోటీకి ముందు తాగించైనా సరే ఈయన్నే నిలబెడతాం."

బెన్నో నాలుగింటికి గిన్నె కడిగి, ఆప్రాను మడతపెట్టి పక్కింటి గేటు దగ్గరికి వెళ్లాడు. హుల్డత్త బల్లమీద కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది.

"అత్తా, నాకంతా తెలిసిపోయింది. తాగినవాడికి కోళ్లగూడు. తాగనివాడికి సూపు. నీకు మొదటినుంచీ తెలుసు."

"సూపేమిటి?"

"ఇదిగో, నీ గిన్నె."

"నాది కాదు. నా జన్మలో సూపు చేయలేదు. నాకు చేతకాదు."

"నీ పేరు రాసి ఉంది అడుగున!"

"లోయలో ఎంతమంది హుల్డాలు లేరు?" అంటూనే ఆవిడ గిన్నె లాక్కుని పక్కన పెట్టుకుంది. "నువ్వు రాత్రి తాగావు. నాలుగున్నర గ్లాసులు, ఎర్రది. పీపాలో దొరికావు. నేను ఒక దెబ్బ కొట్టి ఇంటికి పొమ్మన్నాను. జరిగింది అంతే."

"మరి పాస్టరు గారు?"

"తాగాడు."

"ఆర్నో?"

"తాగాడు. కుక్క కూడా తాగేది."

"శవపేటికలో ఎమిల్‌ను లేపడం?"

"ఏ శవపేటిక? ఏ ఎమిల్? నేనీ గేటు దాటి ఏనాడైనా బయటికి వెళ్లానా?" హుల్డత్త చిక్కుడుకాయ ఒకటి అతని మీదికి విసిరింది. "ఈ కథంతా నీకెవరు చెప్పారో గానీ, వాణ్ణి రేపు పొద్దున నా దగ్గరికి పంపించు. ఎర్రదో తెల్లదో నేను కనుక్కుంటాను."